జర్మనీ కంపెనీతో టై-అప్ అట, కొనమంటావా అక్కా?

ఆదివారం మధ్యాహ్నం పప్పుచారు పొయ్యి మీద ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు. ఇక్కడ ఒంటిగంట, అక్కడ సాయంత్రం అయిదున్నర. కుశలప్రశ్నలు కూడా లేకుండా నేరుగా విషయంలోకి వచ్చేశాడు.

"అక్కా, మన హైదరాబాద్ కంపెనీ ఒకటుంది, చిన్నదే. సెన్సర్లు అవీ చేస్తారు. జర్మనీ కంపెనీతో టై-అప్ పెట్టుకున్నారు. మూడు రోజుల నుంచి రోజూ అప్పర్ సర్క్యూటే. అమ్మ ఎఫ్‌డీ ఈ నెలలో మెచ్యూర్ అవుతోంది కదా, అందులోంచి ఓ ఆరు లక్షలు పెడదామనుకుంటున్నా. నువ్వు ఆ దేశంలోనే ఉన్నావు, వాళ్ళెలాంటి వాళ్ళో ఓసారి చూసి చెప్పవూ?"

నేను షేర్ మార్కెట్ పండితురాలిని కాను. మావారు ఇక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేస్తారు. నేను కొండ కింద గోస్లార్‌లో ఒక చిన్న సంస్థలో లెక్కలు చూస్తాను. లాభనష్టాల పట్టిక చదవడం వచ్చు, అంతే. కానీ ఆ ఫోన్ పెట్టేశాక అన్నం సహించలేదు. అమ్మ నెల ఖర్చులు గడిచేది ఆ ఎఫ్‌డీ వడ్డీతోనే. పైగా ఈ పాట మా ఇంట్లో కొత్త కాదు. 2000 సంవత్సరంలో నాన్న కూడా ఇలాగే, అమెరికా కంపెనీతో ఒప్పందం అని పేపర్లో చదివి, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ షేర్లు కొన్నారు. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. సర్టిఫికెట్లు మాత్రం అమ్మ బీరువాలో, పట్టుచీరల కింద, ఇప్పటికీ ఉన్నాయి.

అందుకే ఆ వారమంతా సాయంత్రాలు కూర్చుని చూశాను. మనలో చాలామందికి ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. "నువ్వు ఫారిన్‌లో ఉన్నావుగా, నీకు తెలుస్తుంది" అంటారు. నేను చూసిన తీరు మీకెవరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

మా ఊరి పాత వాటాలు

మా క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్ హార్జ్ కొండల మీది చిన్న ఊరు. ఇక్కడి టెక్నికల్ యూనివర్సిటీకి వచ్చే పిల్లల్లో మన తెలుగువాళ్ళూ కనిపిస్తారు. ఒకప్పుడు ఈ ఊరు బతికింది వెండి గనుల మీద. యూనివర్సిటీ మూలం కూడా 1775లో మొదలైన గనుల చదువే. గనుల యంత్రాలు తిప్పడానికి తవ్విన చెరువులు, కాలువలు 2010 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి. వేసవిలో మా పిల్లలు ఈతకొట్టేది ఆ చెరువుల్లోనే.

ఆ గనులకు కూడా వాటాలుండేవి. ఒక్కో వాటాను 'కుక్స్' అనేవారు. సాధారణంగా ఒక గనికి 128 కుక్స్‌లు. వెండి పడితే వాటాదారులకు పంపకం వచ్చేది. పడకపోతే? ఇవాళ్టి షేర్లలాగా ధర తగ్గి ఊరుకోదు. గని నడవడానికి వాటాదారులే మళ్ళీ డబ్బు కట్టాలి. కట్టనివాళ్ళు వాటా పోగొట్టుకునేవారు. వాటా కొనడమంటే రాబోయే ఖర్చును కూడా కొనడమేనని అప్పటివాళ్ళకు బాగా తెలుసు.

ఇంకో కథ. 1679లో లైబ్నిట్జ్ ఈ ఊరికి వచ్చాడు. గణితంలో కలనగణితం చదివినవాళ్ళకు ఆ పేరు తెలిసే ఉంటుంది. గనుల్లోంచి నీళ్ళు తోడడానికి గాలిమరలు వాడదామన్నది ఆయన ఆలోచన. హానోవర్ ప్రభువుతో ఒప్పందం కుదిరింది. ఖర్చు గనుల కార్యాలయం, ప్రభువు, లైబ్నిట్జ్ పంచుకోవాలి. ఆలోచన గొప్పది, మనిషి ఇంకా గొప్పవాడు, వెనక రాజు అండ ఉంది. కానీ ఇక్కడి గాలి ఒకరోజు వీచి పది రోజులు ఊరుకుంటుంది. గనుల అధికారులు మొదటి నుంచీ వ్యతిరేకమే. ఖర్చు పెరిగిపోయి, 1685లో ఆ పని ఆగిపోయింది.

పెద్ద పేరు, గొప్ప టెక్నాలజీ, పైవాళ్ళ సంతకం. మూడూ ఉన్నా నీళ్ళు పైకి రాలేదు. తమ్ముడి ఫోన్ వచ్చాక నాకు పదే పదే గుర్తొచ్చింది ఇదే.

ఒప్పందాలన్నీ ఒకటి కావు

'విదేశీ భాగస్వామ్యం' అన్న ఒక్క మాట కింద పేపర్లు నాలుగు వేర్వేరు సంగతులు రాస్తాయి. మన తెలుగునాట జరిగినవే చూద్దాం.

మొదటిది, విదేశీ కంపెనీ డబ్బు పెట్టి వాటా తీసుకోవడం. మన అమర రాజా సంగతే చూడండి. గల్లా రామచంద్ర నాయుడు గారు తిరుపతి దగ్గర 1985లో మొదలుపెట్టిన కంపెనీ. 1997లో అమెరికా కంపెనీ జాన్సన్ కంట్రోల్స్ అందులో 26 శాతం వాటా తీసుకుంది. డబ్బుతో పాటు బ్యాటరీ తయారీ పద్ధతులూ వచ్చాయి. 2000లో అమరాన్ బ్రాండ్ బయటికొచ్చింది. తర్వాత సంగతి మన ఇళ్ళల్లో కార్లూ ఇన్వర్టర్లూ ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఇలాంటి భాగస్వామి సొంత డబ్బు ఇరుక్కుని ఉంటుంది కాబట్టి, కంపెనీ నష్టపోతే తనూ నష్టపోతాడు.

కానీ దానికీ ఒక చివర ఉంటుంది. జాన్సన్ కంట్రోల్స్ తన బ్యాటరీ వ్యాపారాన్నే వేరేవాళ్ళకు అమ్ముకోవడంతో 2019లో ఆ ఒప్పందం ముగిసింది. రెండు దశాబ్దాలకు పైగా పని నేర్చుకున్న కంపెనీ కాబట్టి అమర రాజా తన కాళ్ళ మీద నిలబడింది. అన్ని కంపెనీలూ అలా నిలబడతాయని కాదు.

రెండోది, లైసెన్సు. టెక్నాలజీ వాళ్ళది, ఫ్యాక్టరీ మనది, రాయల్టీ మనం కట్టాలి. హైదరాబాద్‌లో గోల్డ్‌స్టోన్ ఇన్‌ఫ్రాటెక్ అని కరెంటు లైన్లకు ఇన్సులేటర్లు చేసే చిన్న కంపెనీ ఉండేది. చైనా కంపెనీ బీవైడీతో చేయి కలిపి ఎలక్ట్రిక్ బస్సుల్లోకి దిగింది. 2017లో మనాలి-రోహ్తంగ్ దారిలో హిమాచల్ ప్రదేశ్ రవాణా సంస్థకు బస్సులు ఇచ్చింది. ఆ ఏడాది షేరు ధర కొన్ని రెట్లు పెరిగింది. 2018లో మేఘా ఇంజినీరింగ్ గ్రూపు చేతికి వచ్చి ఓలెక్ట్రా గ్రీన్‌టెక్‌గా పేరు మారింది.

ఇక్కడ ఒప్పందం నిజం, బస్సులూ నిజం. అయినా దారి సాఫీగా లేదు. కరోనా నాటికి షేరు బాగా పడిపోయింది. 2020లో సరిహద్దు దేశాల పెట్టుబడులకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేశారు. బీవైడీ, మేఘా కలిసి 100 కోట్ల డాలర్లతో ఎలక్ట్రిక్ కార్ల ఫ్యాక్టరీ పెడతామని ఇచ్చిన ప్రతిపాదనను 2023లో కేంద్రం ఒప్పుకోలేదు. మరోపక్క 2024 ఫిబ్రవరిలో ఓలెక్ట్రా షేరు 2,000 రూపాయలు దాటింది, తర్వాత మళ్ళీ దిగింది. పది రూపాయలు లాభపడ్డవాళ్ళూ ఉన్నారు, పైన కొని కింద కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. అందరూ నమ్మింది ఒకే భాగస్వామ్యాన్ని. తేడా అంతా ఎంత ధరకు కొన్నారన్నదే.

అమర రాజా కథలోనే మరో ఉదాహరణ ఉంది. 2024 జూన్‌లో లిథియం సెల్స్ కోసం గోషన్ గ్రూపు కంపెనీతో లైసెన్సు ఒప్పందం ప్రకటించగానే షేరు ఒక్కరోజులో దాదాపు 20 శాతం ఎగిరింది. ఏడాది తిరగకుండానే ఆ పెరుగుదల అంతా కరిగిపోయింది. ఒప్పందం రద్దు కాలేదు. ఫ్యాక్టరీ కట్టడానికీ, సెల్స్ అమ్మడానికీ ఏళ్ళు పడుతుంది. షేరు మాత్రం ఆ ఏళ్ళన్నిటినీ ఒక్క మధ్యాహ్నంలో లెక్కేసేసుకుంది.

మూడోది, విదేశీ కంపెనీ కొనుగోలుదారు కావడం. హైదరాబాద్ బాలానగర్‌లో 1970 నుంచి ఉన్న ఎంటార్ టెక్నాలజీస్ ఇస్రోకూ, అణు విద్యుత్ కేంద్రాలకూ సూక్ష్మమైన భాగాలు చేసిపెట్టే కంపెనీ. 2021 మార్చిలో ఐపీఓకి వచ్చింది. 575 రూపాయలకిచ్చిన షేరు మొదటిరోజే వెయ్యి దాటి మొదలైంది. దాని అమ్మకాల్లో పెద్ద భాగం అమెరికాలోని బ్లూమ్ ఎనర్జీ అనే ఒక్క కంపెనీకే. బ్లూమ్ ఆర్డర్లు పెరిగితే పండగ. వాయిదా పడితే? 2023-24లో ఎంటార్ అమ్మకాలు దాదాపు ముందటేడాది అంతే ఉన్నా, లాభం 103 కోట్ల నుంచి 56 కోట్లకు పడిపోయింది. ఆ ఆర్డర్ల వాయిదా దానికి ఒక ముఖ్య కారణం. 2025లో అమెరికా డేటా సెంటర్ల కరెంటు అవసరాలతో బ్లూమ్ దశ తిరిగితే ఎంటార్ షేరూ లేచింది. అంటే హైదరాబాద్ షేరు కొన్నామనుకుంటాం గానీ, సగం మనం కొన్నది అమెరికా కంపెనీ అదృష్టాన్ని.

నాలుగోది, ఎంఓయూ. 'కలిసి పనిచేసే అవకాశాలు పరిశీలిస్తాం' అని రాసుకున్న కాగితం. పెళ్ళిచూపులకు వచ్చి కాఫీ తాగి వెళ్ళడం లాంటిది. కుదరవచ్చు, కుదరకపోవచ్చు. కానీ పేపర్లో హెడ్డింగు మాత్రం పెళ్ళయిపోయినట్టే ఉంటుంది.

మరి మా తమ్ముడి కంపెనీ ఏ రకం?

ముందు స్టాక్ ఎక్స్ఛేంజ్ సైట్లో ఆ కంపెనీ ఇచ్చిన ప్రకటన తెరిచాను. సెబీ నియమాల ప్రకారం లిస్టెడ్ కంపెనీ ఇలాంటి ముఖ్యమైన ఒప్పందాలను ఎక్స్ఛేంజ్‌కి గంటల్లోనే తెలియజేయాలి. వార్త కాదు, వాట్సాప్ ఫార్వర్డ్ కాదు, చదవాల్సింది ఆ ప్రకటన. రెండో పేజీలో ఒక చిన్న వాక్యం కనిపించింది. ఇరుపక్షాలకూ ఎలాంటి బాధ్యతా లేని ఎంఓయూ అని. అంటే నాలుగో రకం. తమ్ముడు చూసిన వీడియోలో ఆ వాక్యం లేదు.

మరో సంగతి. మార్కెట్లో పుకార్లు వస్తే అవునో కాదో తేల్చి చెప్పాలన్న సెబీ నిబంధన 2024 జూన్ నుంచి పెద్ద కంపెనీలు వందకు, డిసెంబర్ నుంచి 250కి వర్తిస్తోంది. చిన్న కంపెనీలకు ఆ నిబంధన లేదు. ఎక్కడ పుకార్లు ఎక్కువో అక్కడే జవాబు తక్కువ.

తర్వాత జర్మనీ వైపు చూశాను. ఇక్కడున్నవాళ్ళకు ఇది తేలిక. కంపెనీల రిజిస్టర్ అయిన హాండెల్స్‌రెగిస్టర్‌ను 2022 ఆగస్టు నుంచి ఎవరైనా రుసుము లేకుండా చూడవచ్చు. కంపెనీ ఎప్పుడు పెట్టారు, డైరెక్టర్లెవరు, మూలధనమెంత, అన్నీ ఉంటాయి. వార్షిక లెక్కలు ఉంటెర్నేమెన్స్‌రెగిస్టర్‌లో దొరుకుతాయి. భాష రాకపోతే పక్కింటి స్టూడెంట్‌ని అడిగినా చదివిపెడతారు.

'ప్రపంచ ప్రఖ్యాత జర్మన్ దిగ్గజం' అని వీడియోలో చెప్పిన ఆ కంపెనీ ఒక చిన్న జీఎంబీహెచ్. మన ప్రైవేట్ లిమిటెడ్ లాంటిది. మూలధనం 25,000 యూరోలు, చట్టం అడిగే కనీస మొత్తం. మోసమని కాదు నేననేది. ఈ దేశంలో పాతికమంది పనిచేసే చిన్న కంపెనీలు కూడా గొప్ప యంత్రాలు చేస్తాయి. కానీ మన కంపెనీకి ఆర్డర్లు కుమ్మరించే శక్తి ఆ లెక్కల్లో కనిపించలేదు.

పప్పులో ఉప్పంత లెక్క

ఇక అసలు లెక్క. అంకెలు కాస్త గుండ్రంగా చేసి చెబుతాను. ప్రకటనకు ముందు ఆ కంపెనీ షేర్లన్నిటి విలువ 400 కోట్లు. ఏడాది అమ్మకాలు 90 కోట్లు, లాభం 6 కోట్లు. ఒప్పందం వల్ల అయిదేళ్ళలో 100 కోట్ల వ్యాపారం 'రావచ్చు' అన్నారు. పూర్తిగా వచ్చిందే అనుకుందాం. ఏడాదికి 20 కోట్లు. నూటికి పది మిగిలాయనుకుంటే ఏడాదికి 2 కోట్ల లాభం.

మూడు రోజులు రోజుకు 10 శాతం పెరిగేసరికి షేర్ల విలువ 400 నుంచి సుమారు 530 కోట్లకు చేరింది. అంటే ఏడాదికి 2 కోట్లు తెచ్చే అవకాశం కోసం మార్కెట్ 130 కోట్లు అదనంగా కట్టింది. అదీ ఎంఓయూ ఒప్పందమై, ఒప్పందం ఆర్డరై, ఆర్డర్ డబ్బై వస్తే.

ఆ పని చేయడానికి కొత్త యంత్రాలు కావాలి. డబ్బెక్కడిది? అప్పు తేవాలి, లేదా కొత్త షేర్లు జారీ చేయాలి. కొత్త షేర్లు వస్తే పాతవాళ్ళ వాటా పలచబడుతుంది. మా ఊరి కుక్స్ వాటాదారులు నేరుగా కట్టినదాన్ని మనం ఇలా తెలియకుండా కడతాం.

ఈ లెక్క వేయడానికి పావుగంట పట్టింది. ఏ కంపెనీకైనా ఇలాగే వేసుకోవచ్చు. నేను చూసుకున్న ప్రశ్నలు ఇవి:

ఇది వాటానా, లైసెన్సా, కొనుగోలా, ఎంఓయూనా?

విదేశీ కంపెనీ తన డబ్బు ఎంత పెడుతోంది? ఏమీ పెట్టకపోతే, ఒప్పందం చెడితే దానికి పోయేదేముంది?

అనుకున్నదంతా జరిగితే ఏడాదికి లాభం ఎంత పెరుగుతుంది? షేరు ధర ఇప్పటికే ఎంత పెరిగింది?

ఒప్పందం ఎన్నేళ్ళు? ముగిశాక టెక్నాలజీ ఎవరి దగ్గర ఉంటుంది?

యజమానులు ఈమధ్య షేర్లు అమ్ముతున్నారా, తాకట్టు పెట్టారా? మూడునెలలకోసారి ఇచ్చే వాటాల పట్టికలో ఇది తెలిసిపోతుంది.

ఆఖరుది, కావాలన్నప్పుడు అమ్మగలమా? అప్పర్ సర్క్యూట్‌లో అమ్మేవాళ్ళుండరు కాబట్టి కొనలేం. అది తిరగబడి లోయర్ సర్క్యూట్ పడితే కొనేవాళ్ళుండరు, అమ్మలేం. చిన్న షేర్లలో తలుపు లోపలికి తెరుచుకున్నంత తేలిగ్గా బయటికి తెరుచుకోదు.

మనం కొనాలనుకుంటే

విదేశాల్లో ఉన్న మనం ఇండియా షేర్లు కొనాలంటే ఎన్‌ఆర్‌ఐ ఖాతాల ద్వారానే కొనాలి. పాత సేవింగ్స్ ఖాతాను అలాగే వాడటం, తమ్ముడి డీమ్యాట్‌లో మన డబ్బు పెట్టడం రెండూ తర్వాత తలనొప్పులే. ఏడాది దాటి ఉంచుకున్న లిస్టెడ్ షేర్ల లాభంపై ఇండియాలో 1.25 లక్షలు దాటిన మొత్తానికి 12.5 శాతం పన్ను, ఏడాదిలోపు అమ్మితే 20 శాతం. ఇది 2024 జూలై నుంచి అమల్లో ఉంది. జర్మనీలో నివసించేవాళ్ళు ఆ లాభాన్ని ఇక్కడా చూపించాలి. ఇక్కడ సాలిడారిటీ సర్‌ఛార్జితో కలిపి 26.375 శాతం. ఒక్కరికి ఏడాదికి 1,000 యూరోలు, దంపతులకు 2,000 యూరోల పెట్టుబడి ఆదాయానికి మినహాయింపు ఉంది. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంది కాబట్టి అక్కడ కట్టినదాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకుంటారు. కాగితాలు మాత్రం జాగ్రత్తగా దాచుకోవాలి.

అమ్మనెవరూ అడగలేదు

శనివారం తమ్ముడికి అన్నీ చెప్పాను. విన్నాడు కానీ ముఖం ముడుచుకున్నాడు. "నువ్వు ఎప్పుడూ భయపెడతావక్కా" అన్నాడు. వాడు చెడ్డవాడు కాడు. అమ్మకు నాలుగు రూపాయలు ఎక్కువ రావాలనే వాడి తాపత్రయం.

అప్పుడు తట్టింది నాకు. ఇంతసేపూ నేనూ వాడూ మాట్లాడుకుంటున్నది అమ్మ డబ్బు గురించి. అమ్మను ఒక్కరమూ అడగలేదు. ఫోన్‌లోకి ఆవిడను పిలిచాం. ఒప్పందం, ఎంఓయూ, జర్మనీ, అన్నీ చెప్పాను. అమ్మ శ్రద్ధగా విని ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆ జర్మనీ వాళ్ళు ఎంత పెడుతున్నార్రా?"

"ఏమీ పెట్టట్లేదమ్మా."

"మరి నన్నెందుకు పెట్టమంటున్నారు?"

నేను వారం రోజులు చదివింది అమ్మ రెండు వాక్యాల్లో తేల్చేసింది. ఆ డబ్బు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ల పథకంలోకి వెళ్ళింది. తమ్ముడు తన జీతంలోంచి యాభై వేలు పెట్టి ఆ షేర్లు కొన్నాడు. అది వాడిష్టం, వాడి డబ్బు.

ఆ తర్వాత ఇంకో వారం ఆ షేరు పెరిగింది. తమ్ముడు నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. నాకూ మనసులో పీకింది, అబద్ధమెందుకు. ఇప్పటికి అయిదు నెలలైంది. ఎంఓయూ తర్వాత కొత్త కబురేమీ రాలేదు. ధర తమ్ముడు కొన్నదానికంటే కిందనే ఉంది. రేపు నిజంగానే ఆర్డర్ వచ్చి పెరిగినా నేను ఆశ్చర్యపోను. అప్పుడైనా అమ్మ ఎఫ్‌డీ విషయంలో తీసుకున్న నిర్ణయం తప్పయిపోదు. ఆవిడకు ప్రతి మూడు నెలలకూ వడ్డీ వస్తోంది, మందులు కొనుక్కుంటోంది.

మొన్న ఫోన్ చేసినప్పుడు అమ్మ చెప్పింది, నాన్నగారి షేర్ సర్టిఫికెట్లు బీరువాలోంచి తీసిందట. పారేసిందేమో అనుకున్నాను. లేదు. తమ్ముడి చేతికిచ్చి, "ఇవి నీ దగ్గర ఉంచుకో, ఈసారి ఏదైనా కొనే ముందు ఓసారి తీసి చూసుకో" అందట.